‘మహానటి’ అవార్డులు: కీర్తి సురేష్‌కు ఎందుకు వచ్చాయి, సమంతకు ఎందుకు రాలేదు

మీ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. నటి సావిత్రి జీవితం మీద తీసిన ‘మహానటి’ కథను మనకు చెప్పేది సమంత పోషించిన మధురవాణి కదా, మరి పేరంతా సావిత్రిగా వేసిన కీర్తి సురేష్‌కే ఎందుకు పోయిందన్నది మొదటిది. నిజజీవిత పాత్ర అయితే జ్యూరీ ముందే మెత్తబడిపోతుందా, పోలిక కుదిరితే చాలా అన్నది రెండోది. మన ప్రభుత్వాలు ఈ సినిమాను ఎందుకు పట్టించుకోలేదన్నది మూడోది. సినిమా పేజీలు దిద్దే ఉద్యోగంలో చాలా ఏళ్లు గడిపాను. అవార్డుల జాబితా చేతికి రాగానే ఎవరికి వచ్చిందో రాయడం సులువు. ఎందుకు వచ్చిందో రాయడానికి మాత్రం ఎవరికీ తీరిక ఉండదు. అందుకే ఈ సమాధానం కాస్త పొడవుగా ఉంటుంది.

ముందు ఏ అవార్డు ఎవరికి వచ్చిందో సరిచూసుకుందాం, ఎందుకంటే ఈ విషయంలో గాలి కబుర్లు చాలా తిరుగుతున్నాయి. నాగ్ అశ్విన్ దర్శకత్వం వహించిన ‘మహానటి’ 2018 మే 9న విడుదలైంది. 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాలను 2019 ఆగస్టు 9న ప్రకటించారు. మామూలుగా వేసవిలోనే ప్రకటించాల్సినవి ఆ ఏడాది లోక్‌సభ ఎన్నికల వల్ల వెనక్కి జరిగాయి. అందులో ఈ సినిమాకు మూడు దక్కాయి. ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటిగా కీర్తి సురేష్, ఉత్తమ వస్త్రాలంకరణకు ఇంద్రాక్షి పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనా రావు. ఆ డిసెంబరు 23న ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు వాటిని అందజేశారు. సావిత్రి పాత్రకు వచ్చిన రజత కమలాన్ని, అంటే ఉత్తమ నటి పతకాన్ని, నెల్లూరు జిల్లా మనిషైన ఆయన చేతుల మీదుగా ఇవ్వడం యాదృచ్ఛికమే అయినా, మన పత్రికలు ఆ మర్నాడు దాన్ని బాగానే వాడుకున్నాయి.

ఫిల్మ్‌ఫేర్ దక్షిణాది పురస్కారాల్లో తెలుగు విభాగంలో ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు, ఉత్తమ నటి ఈ సినిమాకే వచ్చాయి. సావిత్రి భర్త జెమినీ గణేశన్‌గా వేసిన దుల్కర్ సల్మాన్‌కు విమర్శకుల విభాగంలో ఉత్తమ నటుడి అవార్డు దక్కింది. దక్షిణాది సినిమాలకే ఇచ్చే సైమా అవార్డుల్లో ఉత్తమ చిత్రం, ఉత్తమ నటితో పాటు, సావిత్రి పెదనాన్న చౌదరిగా వేసిన రాజేంద్రప్రసాద్‌కు ఉత్తమ సహాయ నటుడి అవార్డు వచ్చింది. అదే సైమాలో సమంతకూ విమర్శకుల విభాగంలో ఉత్తమ నటి అవార్డు ఉంది. అయితే అది ‘మహానటి’కి కాదు, ‘రంగస్థలం’కి. మీ మొదటి ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

2018లో సమంతకు రెండు పెద్ద సినిమాలు వచ్చాయి. మార్చి నెలాఖరున ‘రంగస్థలం’, మే రెండో వారంలో ‘మహానటి’. మొదటి దాంట్లో రామలక్ష్మిగా ఆమే పూర్తి స్థాయి కథానాయిక. ఒక నటికి ఒకే ఏడాది రెండు బలమైన పాత్రలు ఉన్నప్పుడు, పేర్లు వడపోసేవాళ్లు ఏది ప్రధాన పాత్ర అయితే దాన్నే పట్టుకుంటారు. మధురవాణి రామలక్ష్మితోనే పోటీ పడి వెనకబడింది.

మిగతా సగం జవాబు విభాగాల్లో ఉంది. జాతీయ పురస్కారాల్లో ఉత్తమ నటికి ఒక విభాగం, ఉత్తమ సహాయ నటికి ఒక విభాగం. మధురవాణి ఈ రెంటిలో దేనికీ చక్కగా ఇమడదు. ఆమె సావిత్రికి చెల్లెలు కాదు, స్నేహితురాలు కాదు, శత్రువూ కాదు. స్పృహలో ఉన్న సావిత్రితో ఆమె ఒక్కసారైనా మాట్లాడదు. 1980ల మొదట్లో, సావిత్రి కోమాలో ఉన్న కాలంలో, ఆమె గురించి రాయడానికి బయలుదేరిన నత్తి ఉన్న ఒక యువ విలేకరి, కల్పిత పాత్ర. దాదాపు మూడు గంటల సినిమాలో కథ తలుపు తీసేదీ మూసేదీ ఆమే. కానీ లోపల గదుల్లో తిరిగేది సావిత్రి. సహాయ పాత్ర అంటే జ్యూరీ సభ్యులు సాధారణంగా ప్రధాన పాత్ర జీవితంలో చెయ్యి పెట్టే మనిషిని ఊహించుకుంటారు. రాజేంద్రప్రసాద్ చౌదరి అలాంటి మనిషి కాబట్టి ఆయనకు దారి దొరికింది. సమంతకు దొరకలేదు.

పైగా ఆ ఏడాది జాతీయ స్థాయిలో ఉత్తమ సహాయ నటి ఎవరో గుర్తు చేసుకోండి. ‘బధాయీ హో’లో నాయనమ్మగా నటించిన సురేఖా సిక్రీ. అవార్డు అందుకోవడానికి చక్రాల కుర్చీలో వచ్చిన ఆమెకు సభ మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ పాత్ర చూసినవాళ్లెవరూ ఆ తీర్పును తప్పు పట్టలేరు, సమంత అభిమానులతో సహా.

ఇద్దరు ముగ్గురు నటీమణుల మీద నిలబడే జీవితకథా చిత్రాలకు ఈ తలనొప్పి అన్నిచోట్లా ఉంది. సరిగ్గా అదే 2018లో ఇంగ్లండు రాణి ఆన్ మీద ‘ది ఫేవరెట్’ వచ్చింది. రాణిగా ఒలివియా కొల్మన్, ఆమె ఆదరణ కోసం ఒకరినొకరు తొక్కుకునే ఇద్దరు స్త్రీలుగా రేచల్ వైస్, ఎమ్మా స్టోన్. తెరమీద ఉండే సమయం చూసినా, కథను నడిపే తీరు చూసినా ముగ్గురూ ప్రధాన పాత్రలే. అక్కడ ఏ నటిని ఏ విభాగంలో నిలబెట్టి ప్రచారం చేయాలో నిర్మాణ సంస్థే ఆలోచించుకుంటుంది. కొల్మన్‌ను ప్రధాన నటిగా, మిగతా ఇద్దరినీ సహాయ నటులుగా నిలబెట్టారు. కొల్మన్‌కు ఆస్కార్ వచ్చింది. వైస్‌కు బ్రిటన్ వారి బాఫ్టా సహాయ నటి అవార్డు వచ్చింది. ముగ్గురినీ ఒకే విభాగంలో పెట్టి ఉంటే ఓట్లు చీలి ఎవరికీ రాకుండా పోయేవేమో. న్యూయార్క్‌లో ఇచ్చే గోథమ్ అవార్డుల వాళ్లు మాత్రం ఈ లెక్కల్లోకి వెళ్లకుండా ముగ్గురికీ కలిపి ప్రత్యేక జ్యూరీ పురస్కారం ఇచ్చేశారు. నాకు నచ్చిన పద్ధతి అదే.

మన దగ్గర అలాంటిది కుదరదా అంటే, కుదురుతుంది. ‘మహానటి’కి అవార్డులిచ్చిన ఆ 66వ జాబితాలోనే ఉదాహరణ ఉంది. ఆ ఏడాది దేశంలో ఉత్తమ చిత్రం గుజరాతీ ‘హెల్లారో’. కచ్ ప్రాంతంలో గర్బా ఆడటానికి వీల్లేని ఆడవాళ్ల కథ అది. అందులో నటించిన 13 మంది నటీమణులకు కలిపి ప్రత్యేక జ్యూరీ పురస్కారం ప్రకటించారు. అంటే నటనను గుంపుగా గుర్తించవచ్చన్న ఆలోచన ఆ జ్యూరీకి లేక కాదు. ‘మహానటి’ని వాళ్లు ఇద్దరు నాయికల సినిమాగా చూడలేదు, అంతే. నిజం చెప్పాలంటే నేనూ చూడలేదు. మధురవాణి పాత్రను తీసేసినా సావిత్రి కథ నిలుస్తుంది. సావిత్రి లేకుండా మధురవాణి లేదు. సమంత ఆ సంగతి తెలిసే ఒప్పుకున్నట్టు ఆమె నటనలోనే కనిపిస్తుంది. ఎక్కడా పక్క పాత్ర మీదికి ఎక్కి నటించదు. తెలుగులో అప్పటివరకు ఎక్కువగా గాయని చిన్మయి గొంతుతో వినిపించిన ఆమె, ఈ పాత్రకు తన గొంతే ఇచ్చుకుంది. నత్తి మాట్లాడే పాత్రకు అరువు గొంతు పెట్టి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోండి.

గొంతు సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే బయటివాళ్లు దీన్ని చాలా తక్కువ అంచనా వేస్తారు. బెంగాలీ ‘బారివాలీ’కి కిరణ్ ఖేర్‌ను జాతీయ ఉత్తమ నటిగా ఎంపిక చేసినప్పుడు, తెరమీద వినిపించినది ఆమె గొంతు కాదంటూ పెద్ద వివాదమే నడిచింది. అప్పటినుంచి ఎవరి గొంతు అన్న ప్రశ్న నటన గురించిన ప్రతి చర్చలోనూ ఉంటుంది. మన పరిశ్రమ దశాబ్దాల పాటు కథానాయికకు ముఖం ఒకరిది, మాట ఒకరిది అన్న పద్ధతిలో నడిచింది. కీర్తి సురేష్ మలయాళీ. తెలుగులో ఆమె మొదటి సినిమా ‘నేను శైలజ’ వచ్చింది 2016లో. రెండేళ్లు తిరిగేసరికి సావిత్రి పాత్రకు, అదీ గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిన సావిత్రి పాత్రకు, స్వయంగా డబ్బింగ్ చెప్పింది. బుర్రా సాయిమాధవ్ మాటలు నోరు తిరగనివాళ్లకు పెట్టే మాటలు కావు. పల్లెటూరి పిల్ల గడగడ మాట్లాడటం, పెద్ద తార అయ్యాక అదే గొంతులో వచ్చిన నిబ్బరం, చివర్లో మందుతో బరువెక్కిన మాట, ఈ మూడూ వేరువేరుగా వినిపిస్తాయి. ఎక్కడో ఒకటి రెండు అక్షరాల దగ్గర మలయాళం వాసన తగులుతుందని పట్టుబట్టి చెప్పే మిత్రులు నాకున్నారు. నాకైతే తగల్లేదు.

ఇక మీ రెండో ప్రశ్న, పోలిక. నిజజీవిత పాత్రలకు జాతీయ ఉత్తమ నటి అవార్డులు ఎక్కువగానే వచ్చాయన్నది కాదనలేం. ‘భూమిక’లో స్మితా పాటిల్ పాత్రకు మరాఠీ నటి హంసా వాడ్కర్ ఆత్మకథ ఆధారం. ‘బాండిట్ క్వీన్’లో సీమా బిస్వాస్ వేసింది ఫూలన్ దేవి. ‘ది డర్టీ పిక్చర్’లో విద్యా బాలన్ పాత్రకు ప్రేరణ మన ఏలూరు ప్రాంతపు సిల్క్ స్మిత. తర్వాత కంగనా రనౌత్‌కు ‘మణికర్ణిక’ (‘పంగా’తో కలిపి), ఆలియా భట్‌కు ‘గంగూబాయి కాఠియావాడి’. గంగూబాయి థియేటర్లలోకి వచ్చింది 2022లో అయినా అవార్డు 2021 ఖాతాలో ఉంటుంది. విడుదల తేదీ కాకుండా సెన్సారు సర్టిఫికెట్ తేదీ లెక్కలోకి రావడం దానికి కారణం. చాలామంది ఇక్కడ పొరబడతారు కాబట్టి చెప్పాను.

ఈ జాబితాలో నాకు ఆసక్తిగా అనిపించేది మరొకటి. స్మితా పాటిల్, విద్య, కీర్తి ముగ్గురూ నటీమణుల పాత్రలు వేసి గెలిచారు. నటి పాత్ర వేసే నటికి ఒక సౌలభ్యం ఉంది. కెమెరా ముందు ఒక మనిషి, కెమెరా ఆగాక ఇంకో మనిషి. ఆ తేడా ఎవరికైనా కనిపిస్తుంది, జ్యూరీకి ఇంకా బాగా కనిపిస్తుంది. ‘మహానటి’లో ‘అహ నా పెళ్లియంట’ ఘట్టాన్నే తీసుకోండి. ‘మాయాబజార్’లో అక్కడ సావిత్రి శశిరేఖ కాదు, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. అంటే ఎస్వీ రంగారావు నడకను, మీసం దువ్వే ధోరణిని సావిత్రి అనుకరించింది. అలా అనుకరిస్తున్న సావిత్రిని కీర్తి అనుకరించాలి. ఇది మామూలు కష్టం కాదు. మనవాళ్లంతా పాత పాటను పక్కన పెట్టి చూసి ఆశ్చర్యపోయింది కూడా అక్కడే.

అయితే అవార్డు అక్కడ వచ్చిందని నేననుకోను. కారణం చాలా సాదా. జాతీయ పురస్కారాల్లో ముందు ప్రాంతీయ కమిటీలు వడపోస్తాయి, ఆ తర్వాత కేంద్ర జ్యూరీ చూస్తుంది. ఆ ఏడాది దానికి అధ్యక్షుడు హిందీ దర్శకుడు రాహుల్ రవైల్. కేంద్ర జ్యూరీలో ఒక మణిపురి దర్శకుడో మరాఠీ సంకలనకర్తో ఉన్నాడనుకోండి. ఆయనకు సావిత్రి ఎడమ కనుబొమ ఎలా ఎగరేసేదో తెలియదు. ‘దేవదాసు’లో పార్వతి చూపు, ‘మిస్సమ్మ’లో చిరాకు ఆయన మనసులో అచ్చు పడి లేవు. మనకు ప్రాణమైన పోలిక ఆయనకు అక్కరకు రాదు. ఆయన చూసేది ఒక అమ్మాయి వేషాల కోసం పట్నం వచ్చి, ఎదిగి, ప్రేమించి, మోసపోయి, కూలిపోవడం. ఇరవై అయిదేళ్ల నటి ఆ వయసులన్నీ నమ్మేట్టు మోసిందా లేదా అన్నదే ప్రశ్న. భర్త మరో స్త్రీతో ఉండగా చూసిన ఘట్టానికి పాత సినిమాల్లో నకలు లేదు. ఇంట్లో ఒంటరిగా గ్లాసు పట్టుకుని కూర్చున్న సావిత్రిని ఏ కెమెరా తీయలేదు. అక్కడ కీర్తికి ఆధారం ఏమీ లేదు, సొంతంగా కట్టుకోవాల్సిందే. కట్టుకుంది.

పోలిక ఒక్కటే చాలదనడానికి మరో సాక్ష్యం చూపిస్తాను. ‘మహానటి’ తర్వాత ఏడాది తిరగకముందే, 2019 జనవరిలో ‘ఎన్టీఆర్ కథానాయకుడు’ వచ్చింది. అందులో సావిత్రిగా కనిపించింది నిత్యా మేనన్. దర్శకుడు క్రిష్. ‘మహానటి’లో ‘మాయాబజార్’ దర్శకుడు కేవీ రెడ్డి వేషం వేసింది కూడా ఆయనే, లోకం చిన్నది. నిత్య గొప్ప నటి, కట్టూబొట్టూ కుదిరాయి కూడా. కానీ ఆ సావిత్రి ఇవాళ ఎంతమందికి గుర్తుంది? నిత్యకు జాతీయ అవార్డు వచ్చింది తర్వాత తమిళ ‘తిరుచిత్రంబలం’లో పక్కింటి అమ్మాయి పాత్రకు. ఎవరి జీవితకథా కాని, ఎవరినీ పోలనవసరం లేని పాత్ర అది.

వస్త్రాలంకరణ అవార్డును మాత్రం తక్కువగా చూడకండి, నటికి వచ్చిన అవార్డులో దానికి వాటా ఉంది. 1950ల నుంచి 1980 దాకా ఒక స్త్రీ వయసు, డబ్బు, దశ మారడాన్ని చీర నేత, జాకెట్టు చేతి పొడవు, నగల బరువు చెబుతుంటే నటి నోటితో చెప్పాల్సిన పని తగ్గుతుంది. మన భాషకు ఇది కొత్తా కాదు. బి. నర్సింగరావు ‘దాసి’కి 36వ జాతీయ పురస్కారాల్లో అర్చనకు ఉత్తమ నటి అవార్డు వచ్చినప్పుడు, వస్త్రాలంకరణకు సుదర్శన్‌కూ, కళా దర్శకత్వానికి వైకుంఠంకూ వచ్చాయి. అక్కడ గడీలో దాసి ఒంటి మీది మాసిన బట్ట, ఇక్కడ తార పట్టుచీర, రెండూ ఒకే పని చేశాయి.

తెలుగు చిత్రాలకు వచ్చిన ఉత్తమ నటి అవార్డులు ఎన్నని అడుగుతారు కాబట్టి అదీ చెబుతాను. ‘నిమజ్జనం’కు శారద, ‘దాసి’కి అర్చన, 1990 నాటి ‘కర్తవ్యం’కు విజయశాంతి, ఆ తర్వాత 28 ఏళ్లకు కీర్తి సురేష్. ఈ అవార్డు 1967 నాటి సినిమాలతో మొదలైంది. మొదట్లో దాన్ని ఊర్వశి అవార్డు అనేవారు. శారదను ‘ఊర్వశి’ శారద అనడం అందువల్లే. సావిత్రి శిఖరం మీద ఉన్న కాలమంతా, అంటే ‘దేవదాసు’ (1953), ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957), ‘మూగమనసులు’ (1964) వచ్చిన రోజుల్లో, కేంద్ర ప్రభుత్వం నటులకు అవార్డే ఇచ్చేది కాదు. మొదలుపెట్టేసరికి ఆమె వెలుగు తగ్గిపోయింది. తెనాలి శారద మూడుసార్లు అందుకున్న ఆ అవార్డు, అదే గుంటూరు జిల్లా సావిత్రికి అందలేదు. ఆమె పాత్ర వేసిన అమ్మాయికి అందింది. నాకు ఇది కాస్త మంట పుట్టించే విషయమే.

ఒక మాట పక్కగా. అవార్డు వచ్చింది కాబట్టి సినిమాలో చూపినదంతా నిజమేనని కొందరు వాదిస్తుంటారు. జ్యూరీ చరిత్ర పరీక్షకు మార్కులు వేయదు. ఈ సినిమాను సావిత్రి కుమార్తె విజయ చాముండేశ్వరి మెచ్చుకున్నారు. తండ్రిని చూపిన తీరు అన్యాయమని జెమినీ గణేశన్ మరో కుమార్తె బహిరంగంగానే అన్నారు. ఒకే మనిషి, ఇద్దరు కూతుళ్లు, రెండు జ్ఞాపకాలు. ఏ రజత కమలమూ ఆ తగవు తీర్చలేదు, తీర్చాల్సిన పనీ లేదు.

మూడో ప్రశ్నకు వద్దాం. మన ప్రభుత్వాలు పట్టించుకోలేదని అన్నారు. కొంత నిజం. ఉమ్మడి రాష్ట్రంలో 1964 నుంచి ఉన్న నంది అవార్డులు విభజన తర్వాత కుంటుతూ నడిచాయి. 2014, 2015, 2016 సంవత్సరాలవి ఒకేసారి 2017 నవంబరులో ప్రకటించారు. ఎవరికి ఇచ్చారు, ఎవరికి ఇవ్వలేదు అంటూ పెద్ద రగడ జరిగింది, ఆ తర్వాత ఆగిపోయాయి. ‘మహానటి’ వచ్చేనాటికి పోటీ పడటానికి నంది లేదు. తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరిట అవార్డులు పెట్టి, 2025 జూన్‌లో హైదరాబాద్‌లో ఇచ్చినప్పుడు, వెనకటి పదేళ్లకూ కలిపి ఏడాదికి మూడేసి ఉత్తమ చిత్రాలను ఎంపిక చేసింది. 2018కి మొదటి ఉత్తమ చిత్రం ‘మహానటి’, రెండోది ‘రంగస్థలం’, మూడోది ‘కేరాఫ్ కంచరపాలెం’.

కాబట్టి పట్టించుకున్నారు, ఏడేళ్లు ఆలస్యంగా. కానీ ఆ పాత సంవత్సరాలకు చిత్రాలను మాత్రమే గుర్తించారు, నటీనటులను కాదు. కీర్తికైనా, సమంతకైనా 2018 నటనకు తెలుగు గడ్డ మీద ప్రభుత్వం ఇచ్చిన నటన అవార్డు లేదు. పైన చెప్పిన మూడు సినిమాల్లో రెండింట సమంత ఉంది, గమనించారా? ఆ ఏడాదికి గద్దర్ కమిటీ వేరుగా నటీమణుల జాబితా వేసి ఉంటే, నా లెక్కలో ప్రధాన నటి కీర్తి, దాని పక్కనే రామలక్ష్మికీ మధురవాణికీ కలిపి సమంతకు ప్రత్యేక జ్యూరీ అవార్డు ఉండేవి. ఒకే నటి రెండు సినిమాలకు కలిపి ఒక అవార్డు ఇవ్వడం కంగనా విషయంలో చూశాం కదా, కొత్తేమీ కాదు.